మోకు కుర్చీలు

నెమలిరేవులో ఓడమోకులు కరిగించి చేసిన కుర్చీలో కూర్చున్న మనిషిని, హార్బర్ మాస్టరు వదలమని ఉత్తర్వు ఇచ్చేదాకా ఆ కుర్చీ వదలదు. ఇది అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోరు. ఆషాఢంలో గాలి వీస్తుంది, మోకు కుర్చీలో కూర్చుంటే కుర్చీ పట్టుకుంటుంది. రెండింటికీ ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

ఓడ రేవుకొచ్చిందంటే సరుకు ఒక్కటే దిగదు. ఒడ్డుకు కట్టీ కట్టీ, ఉప్పునీళ్లలో నాని పీచులు లేచిన ప్లాస్టిక్ మోకులు దిగుతాయి. సరుకు చుట్టూ బిగించిన పలచటి ప్లాస్టిక్ రేకు దిగుతుంది. వంటగది డబ్బాలు, రంగు పీపాలు, కాలం చెల్లిన లైఫ్ జాకెట్లు దిగుతాయి. ఒకప్పుడు ఓడవాళ్లు ఇవన్నీ ఎవరూ చూడకుండా సముద్రంలోకి తోసేస్తే, అవి వచ్చి గంగమ్మపేట జాలర్ల వలల్లో పడేవి. వంజరానికి వల వేసి రంగు పీపా ఇంటికి తెచ్చుకున్నవాళ్లు పేటలో ఇప్పటికీ ఉన్నారు. తరువాత చెత్త సముద్రంలో వేయకూడదన్నారు, ఒడ్డున ఫ్యాక్టరీ పెట్టారు. మోకులనూ రేకులనూ ముక్కలు చేసి, కడిగి, కరిగించి, గింజలు తీసి, ఆ గింజలతో బకెట్లు, చాపలు, కుర్చీలు పోస్తారు. మంచి పని. ఎవరూ కాదనలేరు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మోకును కొలిమిలో పెట్టి నీళ్లలా మరిగించినా దాని బుద్ధి పోలేదు. పుట్టినప్పటి నుంచీ దానికి తెలిసిన పని ఒక్కటే, అప్పగించినదాన్ని ఒడ్డుకు పట్టుకుని ఉండడం. ఆకారం కుర్చీ అయినంత మాత్రాన ఆ పని ఎందుకు మానుతుంది? మిగతా సరుకూ అంతే. రేకుతో చేసిన బడిసంచులు ఒకసారి మూస్తే తెరుచుకోవు, చదువంతా లోపల భద్రంగా ఉందని పిల్లలు సంతోషిస్తారు. లైఫ్ జాకెట్లతో చేసిన చెప్పులు వేసుకున్నవాళ్లు నీళ్లలో మునగరు. వానాకాలంలో జనం ఆ చెప్పులతో గుంతల మీద తేలుతూ బజారుకు పోయొస్తారు, రోడ్లు వేయమని అడగడం మానేశారు.

మొదటి కుర్చీలో ఫ్యాక్టరీ మేనేజరే కూర్చున్నాడు. ప్రారంభోత్సవం నాడు ఫొటో కోసం కూర్చున్నవాడు లేవలేకపోయాడు. వడ్రంగులు వచ్చి చూశారు, వైద్యులు వచ్చి చూశారు. ఓడవాళ్లు మోకు వదలడానికి 'లెట్ గో' అంటారని ఎవరో చెబితే బంధువులంతా వరసగా నిలబడి గొంతులు పోయేలా అరిచారు. మోకు అడ్డమైనవాళ్ల మాట వినదు. చివరకు ఓడలను రేవులోంచి బయటికి నడిపించే పైలట్‌ను తెల్ల యూనిఫారంతో సహా పిలిపించి, అతని వాకీటాకీలో హార్బర్ మాస్టరు చేత ఆ మాట అనిపిస్తే టక్కున వదిలింది. దానితో పైనుంచి స్పష్టత వచ్చింది. మోకు కుర్చీలో కూర్చున్న మనిషి రేవులో కట్టిన ఓడతో సమానం, ఓడకున్న నిబంధనలన్నీ వర్తిస్తాయి.

అలాంటి కుర్చీని ఇళ్లలో ఎవరు కొంటారు? ఒకాయన ఇల్లరికపు అల్లుడి కోసం ఒకటి పట్టుకుపోయాడంటారు గానీ రుజువు లేదు. ఫ్యాక్టరీ ఆవరణలో కుర్చీలు గుట్ట పడ్డాయి. వాటి విలువ కనిపెట్టింది ప్రభుత్వ కార్యాలయాలే. ఊళ్లో ప్రతి ఆఫీసు వరండాలోనూ మోకు కుర్చీలు వేయించారు. ఆ రోజు నుంచి అర్జీ తెచ్చినవాళ్లు కిటికీల్లోంచి తొంగిచూడడం, గుంపు కట్టి గొంతు పెంచడం పోయింది. వస్తారు, కూర్చుంటారు. జనానికి కుర్చీ వేయని ప్రభుత్వమన్న చెడ్డపేరూ పోయింది.

సూరాడ కాసులమ్మకు ఇవన్నీ తెలుసు. తెలిసే కూర్చుంది.

ఆమెది గంగమ్మపేట. పేటకు తూర్పున, ఫ్యాక్టరీ గోడను ఆనుకుని ఒక ఇసుక దిబ్బ ఉంది. పేట ఆడవాళ్లంతా చేపలు ఎండబెట్టుకునేది అక్కడే. ఎండబెట్టడమంటే ఎండలో పడేయడం కాదు. దిబ్బ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి నీరు నిలవదు, పడమటి గాలి తగులుతుంది కాబట్టి ఈగ వాలదు, అడుగున వేడి నిలుస్తుంది కాబట్టి నెత్తళ్ల లాంటి చిన్నచేపలు మధ్యాహ్నానికల్లా గలగలమంటాయి. కాసులమ్మ అత్తగారు అక్కడే ఎండబెట్టింది, కాసులమ్మ పురిటి నొప్పులు అక్కడే మొదలయ్యాయి. ఆ దిబ్బంటే ఆమెకు ప్రాణం. ఎండబెట్టుకోను చోటు లేకపోతే పచ్చిచేపను ఐసు వ్యాపారి ఎంతంటే అంతకు పారేసుకోవాలని ఆమెకే కాదు, వ్యాపారికీ తెలుసు. అందుకే ఫ్యాక్టరీకి పాతమోకులు గుట్ట వేసుకోవడానికి దిబ్బ కావాలనీ, అభ్యంతరాలుంటే విచారణకు రావాలనీ నోటీసు వచ్చినప్పుడు పేట తరఫున ఆమెను పంపారు.

"కుర్సీలో మాత్రం కూకోకు అత్తా," అని కోడలు నూకరత్నం గుమ్మం దాకా వచ్చి చెప్పింది. "ఎవులేటన్నా నిలబడే మాటాడు."

"నాకు సెప్తన్నావేటే?" అని నవ్వుతూ వెళ్లింది కాసులమ్మ.

భూసేకరణ ఆఫీసు వరండాలో అటెండరు దాలినాయుడు కుర్చీ చూపిస్తే ఆమె చేత్తో తోసేసి నిలబడింది. బతుకంతా నిలబడినదే, వరండా స్తంభానికి ఆనుకుని ఇంకో పూట నిలబడితే కాళ్లు విరగవు. ఇంతలో డిప్యూటీ కలెక్టరు శేషఫణి గారు లోపలినుంచి స్వయంగా వచ్చారు. చాలా మర్యాదస్థుడు. వెనకటి అధికారులు 'ఏయ్' అన్న చోట ఆయన 'అమ్మా' అంటాడు. తన చేతులతో కుర్చీ లాగి, తన రుమాలుతో దుమ్ము తుడిచి, "కూర్చోండమ్మా, పేట పెద్దగా వచ్చారు, మీరు నిలబడితే మాకు బాగుండదు" అన్నాడు.

గంగమ్మపేట వాళ్లు కాని వాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. పేట పంచాయితీలో తప్పు చేసినవాడు నిలబడతాడు. మాట చెల్లేవాడు కూర్చుంటాడు. ఎదుటి పక్షం పీట వేసినప్పుడు కూర్చోకపోతే, నా మీదున్న తప్పు ఒప్పుకుంటున్నానని అర్థం, ఇక పెద్దలు వాదన వినకుండా తీర్పు చెప్పేస్తారు. కాసులమ్మకు ఆ క్షణాన పేట మొత్తం తన వెనక ఉన్నట్టే అనిపించింది. దిబ్బ మాది, మేం దొంగలం కాదు, ఎందుకు నిలబడాలి? కొంగు దోపుకుని, నడుం నిటారుగా పెట్టి కూర్చుంది.

కుర్చీ పట్టుకుంది. నొప్పేమీ ఉండదు. నడుం చుట్టూ, తొడల కింద ఎవరో పరిచయస్తులు పట్టుకుని 'ఉండండి, అప్పుడే వెళ్తారేంటి' అన్నట్టు ఉంటుంది. శేషఫణి గారు నమస్కారం పెట్టి లోపలికి వెళ్లి తన టేకు కుర్చీలో కూర్చున్నారు. రేవులో ఓడ కట్టే చోటుకు వేసినట్టే కుర్చీకీ బెర్త్ నంబరు వేసి, దాలినాయుడు గోడకున్న నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాశాడు. 'మూడో బెర్త్. సూరాడ కాసులమ్మ. వచ్చిన రేవు గంగమ్మపేట. సరుకు లేదు.'

కాసేపటికి విచారణ హాల్లోంచి ఆమె పేరు మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ ఆమె పలికింది, మూడోసారి మరీ గట్టిగా పలికింది. కానీ హాల్లోకి వచ్చి నిలబడి చెబితేనే అది వాంగ్మూలం అవుతుంది. కుర్చీతో సహా ఈడ్చుకుంటూ పోదామంటే కుర్చీ హాలు గడప దాటదు, అది వరండా సామాను. శేషఫణి గారే మళ్లీ బయటికి వచ్చి ఆమె చెప్పినదంతా ఓపిగ్గా విన్నారు, తల కూడా ఊపారు. అయితే హాలు బయట విన్నది విచారణ కిందికి రాదు, అది మాటామంతీ.

"గొంతు వచ్చినాది గానీ మనిసి రానేదని రాసినారప్పా," అన్నాడు దాలినాయుడు బాధపడుతూ. "వాయిదా ఏసినారు."

"మరి నన్ను ఒగ్గీమని సెప్పు బాబూ. వాయిదాకి నడిసొస్తాను."

దాలినాయుడు అడిగి వచ్చాడు. దావా ఉన్న ఓడ రేవు దాటకూడదట. కేసు తేలేదాకా హార్బర్ మాస్టరు వదలమని చెప్పడు, హాల్లోకి వెళ్లేదాకా కేసు తేలదు. ఇది కాసులమ్మకు వెంటనే అర్థమైంది. వల విప్పడం చేతనైనవాళ్లకు ముడి ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. విప్పగలరా అన్నది వేరే విషయం.

రెండో బెర్తులో తెలుకల కూర్మనాయకులు అనే పెద్దమనిషి ఉన్నాడు. సర్వేలో ఆయన కొబ్బరితోట పొరపాటున సముద్రంగా నమోదైంది. అది నేలేనని చెప్పడానికి ఎప్పుడో వచ్చి కూర్చున్నాడు. మనవరాలి పెళ్లి కూడా వరండాలోంచే జరిపించాడు. వచ్చేపోయేవాళ్లకు ఏ బెర్తులో నీడ ఉంటుందో, పోటు ఎప్పుడొస్తుందో చెబుతూ కాలక్షేపం చేస్తుంటాడు.

"పోటుకి బిగుసుద్ది సెల్లీ, ఆటుకి వదులవుద్ది," అని కాసులమ్మకు ధైర్యం చెప్పాడు. "వదులైనప్పుడు కుర్సీతోనే పెరట్లోకెళ్లి అవసరాలు తీర్సుకొచ్చీయొచ్చు. బెర్తు మార్పు అంటారు దాన్ని. గేటు మాత్రం దాటనివ్వదు. మొదట్లో మనసు గింజుకుంటాది. తరవాత్తరవాత అలవాటైపోద్ది."

"నాకు అలవాటవద్దన్నా," అంది కాసులమ్మ.

నూకరత్నం క్యారేజీ తెచ్చింది. అత్తను ఆ స్థితిలో చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది, ఆ తరువాత కోపం తెచ్చుకుంది. ఆమె రైతుబజారు దగ్గర గంప పెట్టుకుని అమ్మే మనిషి, నలుగురితో బేరం చేసిన నోరు. నేరుగా శేషఫణి గారి దగ్గరికే వెళ్లి దారేదని అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి, నిజంగా సాయం చేయాలన్న ఉద్దేశంతోనే దారి చూపించాడు.

"అమ్మా, మీ అత్తగారు అభ్యంతరం వెనక్కి తీసుకుంటే కేసు ఉండదు. కేసు లేకపోతే ఓడ మీద దావా ఉండదు. అదే రోజు వదిలేస్తారు. కూర్చోబెట్టుకోవాలని మాకేమైనా సరదానా?"

అంటే దిబ్బ వదులుకుంటే కుర్చీ వదులుతుంది. నూకరత్నం బయటికి వచ్చి అత్త పక్కన మెట్టు మీద కూలబడింది.

"పోనీ ఒగ్గేద్దాం అత్తా. మరో దిబ్బ సూసుకుందాం."

"మరో దిబ్బ ఏదే? ఉత్తరాన ఓడరేవు, దచ్చినాన ఫ్యాక్టరీ, ఎనకాల రోడ్డు. మన అత్తలు ఎండబెట్టిన సోటు ఒగ్గీసి నానింటికొచ్చి మొకం ఎలా సూపించుకోమంతావు?" కాసులమ్మకు భయం వేసింది. తనకోసం కాదు, దిబ్బ మీద ఆ పూట ఆరబోసినవి ఎవరైనా తిరగేశారో లేదోనని.

తిరగేయలేదు. నెత్తళ్లు ఒకవైపే ఎండి, రెండోవైపు మెత్తబడి, గంపలకు గంపలు పోయాయి. పేటలో చేపలు అందరూ ఎండబెడతారు గానీ ఏ గంటకు తిరగేయాలో కాసులమ్మ అరుపును బట్టే అలవాటు పడ్డారు. ఆమె లేని దిబ్బ వంటమనిషి లేని పెళ్లిలా తయారైంది.

అప్పుడు కూర్మనాయకులుకు ఒక సంగతి తట్టింది. ఎదురుగా గోడకు అంటించిన నిబంధనలు ఆయన చదివీ చదివీ కంఠతా పట్టాడు. "ఇదిగో సెల్లీ," అన్నాడు, "రేవులో కట్టిన ప్రతి ఓడకీ సరుకు దించుకోను, ఎత్తుకోను హక్కు ఉన్నాది. నీళ్లు, జాగా రేవోల్లే సూడాల. నువ్వు ఓడవే గదా?"

మర్నాటి నుంచి గంగమ్మపేట నెత్తళ్లు భూసేకరణ ఆఫీసు ఆవరణలో దిగాయి. ఆడవాళ్లు గంపలు తలకెత్తుకుని వరసగా గేటు దాటి వచ్చారు. జీపులు నిలిపే సిమెంటు గచ్చు మీద పరిచారు, ప్రహరీ గోడ మీద నాడాల్లా పొడవైన సావళ్లు వేలాడదీశారు. దాలినాయుడు బోర్డు మీద 'సరుకు లేదు' తుడిచేసి 'ఎండుచేపలు' అని రాశాడు. మూడో బెర్తులోంచి కాసులమ్మ ఎండ చూసి అరిచేది, వాళ్లు తిరగేసేవాళ్లు. అభ్యంతరం చెప్పడానికి ఆఫీసులో ఎవరికీ దారి దొరకలేదు. ఓడను సరుకు దించుకోవద్దంటే రేవు పరువేం కాను?

ఆ రోజులు కులాసాగా గడిచాయి. సిమెంటు గచ్చు దిబ్బంత మంచిది కాదు, చేప అడుగు మాడుతుంది. అయినా పని నడిచింది. గుమాస్తాలు సాయంత్రం పోతూ పోతూ కాగితం పొట్లాల్లో నెత్తళ్లు కట్టించుకుపోయేవాళ్లు. అర్జీలకు వచ్చి కూర్చున్నవాళ్లకు కాలక్షేపం దొరికింది, చేతికందినంత మేర తిరగేయడంలో సాయం పట్టేవాళ్లు. శేషఫణి గారు వెల్లుల్లి కూడా తినని మనిషి. ముక్కుకు రుమాలు కట్టుకుని ఆఫీసుకు వచ్చేవారు, కానీ కాసులమ్మ ముందుకు రాగానే రుమాలు దించి మరీ నమస్కారం పెట్టేవారు. ఆమెకు జీవితంలో అన్ని నమస్కారాలు ఎప్పుడూ రాలేదు. ఒక్కోసారి తానే గెలిచినట్టు అనిపించేది. "సూసినావా, ఆఫీసుని దిబ్బ సేసీసినాను," అని కోడలితో అంది. నూకరత్నం నవ్వలేదు, కుర్చీ ఎంత బిగుసుకుందో చూస్తూ ఉండిపోయింది.

ఒక ఉదయం పైలట్ వచ్చాడు. తెల్లటి యూనిఫారం, చేతిలో వాకీటాకీ. వెనక శేషఫణి గారు, ఆయన వెనక దాలినాయుడు. కేసు తేలిపోయిందనీ, ఓడను వదలమని ఉత్తర్వు వచ్చిందనీ చెప్పారు.

"ఎలా తేలింది బాబూ? నాను హాల్లోకి రానేదు గదా," అంది కాసులమ్మ.

శేషఫణి గారు ఉత్తర్వు చదివి వినిపించారు. దాపరికం ఆయనకు గిట్టదు. చేపలు ఎండబెట్టడానికి దిబ్బ తప్పనిసరి అన్నది గంగమ్మపేట అభ్యంతరం. అయితే సదరు చేపలు కొంతకాలంగా దిబ్బ లేకుండానే, కార్యాలయ ఆవరణలో, సదరు కాసులమ్మ స్వయంగా పర్యవేక్షించగా, విజయవంతంగా ఎండుతున్నట్టు అధికారులందరూ కళ్లారా చూశారు, కొందరు రుచి కూడా చూశారు. కాబట్టి దిబ్బ అవసరం లేదని అభ్యంతరదారే రుజువు చేసినట్టయింది. దిబ్బను ఫ్యాక్టరీకి అప్పగించడమైనది. విచారణ కాలమంతా అభ్యంతరదారును సగౌరవంగా కూర్చోబెట్టడమైనది.

"ఇందులో తప్పేమైనా రాశామా అమ్మా?" అని అడిగారాయన.

కాసులమ్మ ఒక్కో ముక్కా మనసులో తిరగేసుకుంది. చేపలు ఎండాయి, నిజమే. తనే ఎండబెట్టించింది, అదీ నిజమే. కూర్చోబెట్టారు, అందులో వంక పెట్టడానికే లేదు. "నేదు బాబూ," అంది. ఏడవకూడదనుకుని గచ్చు మీది చేపల వైపు చూసింది.

పైలట్ వాకీటాకీ పెదాల దగ్గర పెట్టుకుని ఓడ పేరు, బెర్తు, గాలి దిశ చెప్పాడు. అవతలినుంచి హార్బర్ మాస్టరు గరగర గొంతు 'లెట్ గో' అంది. కుర్చీ వదిలింది. కాసులమ్మ లేచి నిలబడింది, నూకరత్నం వచ్చి చెయ్యి పట్టుకుంది. కూర్మనాయకులు ఓడ వెళ్లేటప్పుడు ఒడ్డునున్నవాళ్లు ఊపినట్టు తుండుగుడ్డ ఊపాడు. ఆయన కళ్లు చెమర్చాయి, పక్కన మాట్లాడేవాళ్లు లేకుండా పోతున్నారు మరి.

ఇంకా గేటు దాటకుండానే దాలినాయుడు నసుగుతూ వెంటపడ్డాడు. "అప్పా, సరుకు... సరుకు కూడా ఎత్తీయాల. ఓడ ఎళ్లిపోయినాక సరుకు రేవులో ఉంచకూడదంట. నాను సెప్పడం నేదు, రూలు."

సగం ఎండిన నెత్తళ్లను గంపలకెత్తుకుని ఆడవాళ్లు దిబ్బకు నడిచారు. దిబ్బ అక్కడ లేదు. అంటే ఎక్కడికీ పోలేదు, మోకుల కింద ఉంది. నీలం, నారింజ, తెలుపు మోకులు చుట్టలు చుట్టలుగా ఆకాశం దాకా లేచి ఉన్నాయి. ఏ ఓడలను ఏ దేశాల్లో కట్టాయో గానీ ఇప్పుడు గంగమ్మపేట ఇసుకను కట్టుకుని పడుకున్నాయి. పడమటి గాలి ఎప్పటిలాగే వీస్తోంది. కాసులమ్మ ఆ గుట్ట అంచున ఇసుక కనిపించినంత మేర అరచేయి ఆనించి చూసింది. వెచ్చగానే ఉంది. అప్పుడు మాత్రం ఆపుకోలేక ఏడ్చింది. ఆడవాళ్లు గంపలు దించకుండా చుట్టూ నిలబడ్డారు, దించడానికి చోటు లేదు.

ఐసు వ్యాపారి అప్పటికే రోడ్డు మీద ఆటో ఆపుకుని, తొందరేమీ లేదన్నట్టు పళ్లు కుట్టుకుంటూ చూస్తున్నాడు.

కాసులమ్మ ముక్కు చీది, కళ్లు తుడుచుకుని, పొద్దు ఎంత ఎక్కిందో చూసింది. ఇంకో గంటలో తిరగేయకపోతే ఈ గంపలూ పోతాయి. "రండే," అని వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

ఆఫీసు గేటు దగ్గర దాలినాయుడు అడ్డు నిలబడ్డాడు, తప్పదు కాబట్టి. నిలబడ్డవాళ్లకు సరుకు హక్కు లేదు.

"కూకుంటే?" అంది కాసులమ్మ.

"కూకోవాలంటే కేసుండాల కదప్పా. మీ కేసు తేలిపోయింది." దాలినాయుడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. అతనూ నెత్తళ్లు తిన్నవాడే. "అప్పీలు ఏసుకోవచ్చు. ఒకలే కాదు, పేటలో ఎందరుంటే అందరూ ఏసుకోవచ్చు. మడిసికో కుర్సీ ఇస్తారు. ఫ్యాక్టరీనుంచి కొత్త లోడు దిగింది, కుర్సీలకి లోటు నేదు."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్క బెర్తుకు ఇచ్చే జాగా ఒక్కరి గంపలకే సరిపోతుంది, మొన్నటిదాకా సర్దుకున్నది చాలక కదా గోడ మీద వేలాడదీసింది. నలుగురు కూర్చుంటే నలుగురి జాగా. పదిమంది కూర్చుంటే దిబ్బంత అవుతుంది. అందరికీ లెక్క ఒకేసారి తోచింది, అది తప్పు లెక్క అని ఎవరికీ అనిపించలేదు. శేషఫణి గారు అలికిడి విని బయటికి వచ్చారు. అంతమంది ఆడవాళ్లు నిలబడి ఉండడం చూసి నొచ్చుకుని, దాలినాయుణ్ణి కసిరి, తానూ ఒక చెయ్యి వేసి కుర్చీలు వరసగా వేయించారు. రుమాలుతో ఒక్కొక్కటీ తుడిచారు కూడా.

కాసులమ్మ మళ్లీ మూడో బెర్తులోనే కూర్చుంది, నీడ పడే చోటు ఎందుకు వదులుకోవాలి? కూర్మనాయకులు మొహం చాటంతయింది. "అలవాటవుద్దని సెప్పినానా నేదా సెల్లీ?" అన్నాడు. ఆమె ఈసారి కాదనలేదు.

వరసలో ఒక్కో కుర్చీ నిండింది. చివరకు నాలుగో బెర్తు ముందు నూకరత్నం ఒక్కతే మిగిలింది. కుర్చీ వైపు చూస్తుంది, గేటు వైపు చూస్తుంది. రైతుబజారులో ఆమె గంప పెట్టుకునే చోటు ఈపాటికి ఇంకొకరు ఆక్రమించి ఉంటారు.

"కూకోయే," అంది కాసులమ్మ మెల్లగా. "పోటు రాకముందే కూకుంటే కుదురుగా ఉంటాది."

నూకరత్నం చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. కుర్చీ పట్టుకుంది. కొత్త లోడు కదా, మోకులు గట్టివి, ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. దాలినాయుడు సుద్దముక్కతో ఆమె పేరు రాశాడు, సరుకు దగ్గర ఎండుచేపలని రాశాడు. ఆవరణంతా నెత్తళ్లు తెల్లగా పరుచుకున్నాయి. ఈసారి ఎక్కడా ఇరుకు లేదు.

"ఎన్నాళ్లు అత్తా ఇలాగ?"

"అప్పీలు తేలేదాకా."

నూకరత్నం వంగి, చెయ్యి అందినంత మేర చేపలు తిరగేసింది.

"తేలిపోతేనో?"

కాసులమ్మ చప్పున కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది. వరసలో ఉన్న ఆడవాళ్లందరూ తిరగేసే చేతులు ఆపి ఇటు చూశారు.

"సుబమా అని ఇప్పుడే కూకున్నావు," అంది కాసులమ్మ. "అలాటి మాటలు అనకు."